నీళ్ల గొట్టానికి పూసిన నూనె

మా సంఘంలో నేను ప్రార్థన చేసే తీరు చూసి కొత్తవాళ్లు కొంచెం జంకుతారు. అందరూ చేతులు జోడిస్తారు. కొందరు పైకెత్తుతారు. నేను మాత్రం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని తల వంచుకుని నిలబడతాను. పోయిన నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, కొత్తగా కాపురానికి వచ్చిన ఒక కోడలు, ఆయన్ను ఎప్పుడైనా పోలీసులు పట్టుకున్నారా అని తన అత్తను అడిగిందట. పోలీసులు కాదమ్మా, ఆసుపత్రిలో ఒక మేడమ్ పట్టుకుంది అని అత్త చెప్పిందట. ఆ మాట నా దాకా వచ్చి, నేను ఇంకా నవ్వుకుంటూ ఉండగానే ఫోను మోగింది. ఆ మేడమ్ మైదుకూరులో తమ్ముడి ఇంట్లో ఆ తెల్లవారుజామునే నిద్రలో పోయారని కబురు.

ఆమె పేరు ఇక్కడ రాయను. రోగాలు తెచ్చే క్రిములకు పేర్లు చెప్పడమే ఉద్యోగంగా బతికిన మనిషి, తన పేరు ఎక్కడైనా రాసి ఉంటే మాత్రం ముఖం తిప్పుకునేవారు. రిటైరైన రోజు ఆసుపత్రివాళ్లు శాలువా మీద ఆమె పేరు కుట్టించి కప్పారు. సభ అయిపోగానే ఆమె ల్యాబులోకి వచ్చి, ఆ శాలువాను క్రిములను పెంచే ఇంక్యుబేటరు పెట్టె మీద దుమ్ము పడకుండా పరిచి, చేతిసంచీ తీసుకుని వెళ్లిపోయారు. శాలువా ఇప్పటికీ అక్కడే ఉంది. పేరు ఉన్న వైపు గోడకు తిప్పి ఉంది.

నేను కర్నూల్లో ఒక పెద్ద ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ను. రోగుల చీము, రక్తం, కళ్లె మా దగ్గరికి వస్తాయి. అందులో ఏ బ్యాక్టీరియా ఉందో తేల్చి చెబితే డాక్టర్లు దానికి తగిన మందు ఇస్తారు. ఆదివారాల్లో ఓర్వకల్లు దగ్గరి మా ఊరి సంఘంలో సండే స్కూలు నడుపుతాను. మా పాస్టరు అయ్యగారు ఊళ్లో లేకపోతే వాక్యం కూడా చెబుతాను. ల్యాబులో చేరిన మొదటి రోజు నా చొక్కా జేబులో ఉన్న చిన్న బైబిలు లేఖన పుస్తకాన్ని ల్యాబు పెద్ద డాక్టరైన మేడమ్ చూశారు. ఆ క్షణం నుంచి నన్ను పాస్టరప్పా అన్నారు. నేను పాస్టరును కానని ఎన్నిసార్లు చెప్పినా, అయితావులే అనేవారు. నా అసలు పేరు జీతాల జాబితాలో చూసి ఒకసారి, ఈయప్ప ఎవురు, మన కాడ పనిచేస్తాండాడా అని నన్నే అడిగారు.

ఆమెది మైదుకూరులో కిరాణా కొట్టు నడిపిన కుటుంబం. చిన్నప్పుడు బడి నుంచి రాగానే కొట్లో కూర్చునేవారట. ఏ మూటలో ధనియాలు పాతవి, ఏ డబ్బాలో నూనె కల్తీది అని వాళ్ల నాయన కళ్లు మూయించి వాసన చూపించి అడిగేవారట. ఆ ముక్కును ఆమె వైద్యంలోకి తెచ్చుకున్నారు. క్రిములను పెంచే గాజు పళ్లేన్ని ముఖం దగ్గరికి తీసుకోకూడదని మాకు రోజూ చెబుతూనే, తాను తలుపు దగ్గర నిలబడే, ద్రాక్షపండ్ల వాసన వస్తాండాది, ఫలానాది పెరిగింది చూడు అనేవారు. చూస్తే అదే. మరి రిపోర్టు రాసేద్దామా మేడమ్ అంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. ముక్కు చెప్పేది గాలి మాట, కాగితం మీదికి ఎక్కాలంటే సాక్ష్యం కావాలి అనేవారు.

కోపం వస్తే ఇంగ్లీషు మాట్లాడేవారు. లేకపోతే పెద్ద పెద్ద ప్రొఫెసర్ల ముందు కూడా మైదుకూరు భాషే. క్రిముల గురించి ఊళ్లో మనుషుల గురించి చెప్పుకున్నట్టు చెప్పేవారు. చర్మం మీద మామూలుగా ఉండే ఒక క్రిమిని చూపించి, వీడు మంచోడే, యాడ ఉండాల్నో ఆడ ఉన్నంతసేపు, రక్తంలోకి దూరితేనే వీనికి బుద్ధి మారుతాది అనేవారు. నేను ఆ మాటను రెండుసార్లు ప్రసంగంలో వాడుకున్నాను. ఎవరిదో చెప్పలేదు. ఆమెకు ఎలాగో తెలిసింది. నా సరుకు నీ అంగట్లో అమ్ముతాండావంట గదా అన్నారు.

కరోనా కాలంలో మా ల్యాబుకు డీఎన్‌ఏ నకళ్లు తీసే యంత్రాలు వచ్చాయి. కరోనా పోయింది, యంత్రాలు మిగిలాయి. వాటిని ఊరికే ఉంచడం మేడమ్‌కు కిట్టలేదు. పళ్లెంలో పెరగని క్రిములను ఇలా పట్టవచ్చని ఆసుపత్రివాళ్లను ఒప్పించారు. మందులు పడిన రోగిలో క్రిమి చచ్చో సొమ్మసిల్లో ఉంటుంది, పెరగదు. కానీ దాని డీఎన్‌ఏ మిగిలి ఉంటుంది. నాకు అర్థమయ్యేలా చెప్పమంటే మేడమ్ ఇలా చెప్పారు. బ్యాక్టీరియా అన్నింటిలో ఒకే వాక్యం రాసి ఉంటుంది. జాతికీ జాతికీ అక్కడక్కడ అక్షరాలు మారుతాయి. ఆ వాక్యానికి మనం ఇక్కడ కోట్ల నకళ్లు తీసి హైదరాబాదుకు పంపితే, వాళ్లు అక్షరం అక్షరం చదివి పంపిస్తారు. దాన్నిబట్టి ఇది ఏ ఇంటిదో, ఏ వంశానిదో తేలుతుంది.

నాకు ఒళ్లు పులకరించింది. ప్రతి ప్రాణిలో సృష్టికర్త ఒక వాక్యం రాసి పెట్టాడన్నమాట అన్నాను. ఆమె కళ్లద్దాల పైనుంచి చూశారు. "మీ పుస్తకంలో వంశావళి అధ్యాయాలుంటాయి గదా పాస్టరప్పా. ఫలానావానికి ఫలానావాడు పుట్టె అని. వాటిని ఎవురూ చదవరు, దాటేసుకోని పోతారు. ఈ పనంతా అదే. దాటేసేదానికి లేదు" అన్నారు. ఆమె మిషను బడిలో చదువుకున్నారు. అక్కడ అల్లరి చేసినందుకు శిక్షగా ఆ అధ్యాయాలే కంఠస్థం చేయించారట. సండే స్కూలు మాస్టరునైన నాకు నాలుగు తరాల తర్వాత తడబాటు వచ్చేది. ఆమె చేతులు కడుక్కుంటూ పద్నాలుగు తరాలు గుక్క తిప్పుకోకుండా చెప్పేవారు. బాప్తిస్మం తీసుకోని మనిషి నోట అవి వినడం నాకు కొంచెం కష్టంగానే ఉండేది.

ఇక నీళ్ల గొట్టం గురించి చెప్పాలి. అది చెప్పకపోతే మేడమ్‌ను చెప్పినట్టు కాదు. రోగుల నమూనాలన్నీ సన్నటి గొట్టాల్లో వరుసగా యంత్రంలో పెడతాం. ఆ వరుసకు ఒక చివర సాక్షి గొట్టం ఉంటుంది. అందులో తెలిసిన బ్యాక్టీరియా డీఎన్‌ఏ వేస్తాం, అది తప్పకుండా కనబడాలి. కనబడకపోతే యంత్రం పని చేయలేదని అర్థం. రెండో చివర నీళ్ల గొట్టం. అందులో శుద్ధమైన నీళ్లు తప్ప ఏమీ వేయం. అందులో ఏమీ కనబడకూడదు. కనబడిందంటే బయటి నుంచి ఏదో దూరింది, వరుస మొత్తం అనుమానమే. ఒకటి దూరినా చాలు, రెండు గంటల్లో తిరునాళ్ల చేస్తాది ఈ మిషను అనేవారు మేడమ్. రిపోర్టు కోసం డాక్టర్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నా, ఆమె మొదట నీళ్ల గొట్టాన్నే చూసేవారు. అది ఖాళీగా ఉంటే, బతికించినావు తల్లీ అని దానికి చెప్పి, తర్వాతే రోగుల వైపు తిరిగేవారు.

ఆ పరీక్షలు మొదలైన సంవత్సరం, ఈస్టరుకు ముందటి శ్రమల దినాలు అయిపోయాక మా అమ్మగారికి, అంటే మా అయ్యగారి భార్యకు, జ్వరం పట్టుకుంది. సాయంత్రం వచ్చి తెల్లారేసరికి చెమటతో దిగిపోయేది. తర్వాత నడుము నొప్పి. వెన్నులో క్షయ కావచ్చని మందులు మొదలుపెట్టారు. రెండు నెలలు వాడినా జ్వరం పోలేదు, కాళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. నాకు అక్షరాలు దిద్దించింది ఆమె. నేను ప్రభువును తెలుసుకున్నది ఆమె వంటింట్లో. ఆమెను మా ఆసుపత్రికే తీసుకొచ్చారు. ఎముకల డాక్టరు వెన్ను నుంచి సూదితో పెసరగింజంత ముక్క తీసి మా ల్యాబుకు పంపాడు. మళ్లీ తీయడం ప్రమాదమని చెప్పాడు. ఏ క్రిమో తేలితే సరైన మందు ఇస్తాను, వచ్చే బుధవారానికి తేలకపోతే వెన్ను తెరవాల్సిందే, తెరిచాక కాళ్లు వస్తాయని మాట ఇవ్వలేను అన్నాడు.

పళ్లెంలో ఏమీ పెరగలేదు. గురువారం మేడమ్ ఆ ముక్కను రెండు సగాలు చేసి, ఒక సగం డీఎన్‌ఏ పరీక్షకు పెట్టమని నాకు ఇచ్చారు. రెండో సగం ఫ్రీజర్లో దాచారు.

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను. మా సంఘంలో రోగుల కోసం ప్రార్థించేటప్పుడు నుదుట నూనె రాస్తాం. పట్నం సంఘాల్లో ఒలీవ నూనె వాడతారు. మాది చెనిక్కాయ, అంటే వేరుశనగ, పండే నేల, మా పెద్దల్లో ఒకరికి గానుగ ఉంది. అందుకని ఆ గానుగ నూనెనే ప్రార్థించి చిన్న సీసాల్లో పోసి ఇళ్లకు పంచుకుంటాం. ఒక సీసా ఎప్పుడూ నా జేబులో ఉండేది. అమ్మగారి నుదురు తాకడానికి ఐసీయూలోకి నన్ను వెళ్లనివ్వలేదు. ఆమె వెన్నులోని ముక్క మాత్రం నా చేతుల్లోనే ఉంది. గదిలో ఎవరూ లేరు. చేతి తొడుగులు వేసుకోకముందే బొటనవేలు నూనెలో ముంచి ఆ గొట్టం మూత మీద రాసి ప్రార్థించాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆ వరుసలో ఇంకా ముగ్గురు రోగుల గొట్టాలు ఉన్నాయి. మా అమ్మగారికి మాత్రమే రాసి వాళ్లను వదిలేయడం పక్షపాతం అనిపించింది. వాళ్లకూ రాశాను. సాక్షికి రాశాను. చివర నీళ్ల గొట్టం ఒక్కటి మిగిలింది. దాన్ని మాత్రం చిన్నబుచ్చడం దేనికని దానికీ రాశాను.

రెండు గంటల తర్వాత నీళ్ల గొట్టంలో నిండుగా కనబడింది.

మేడమ్ తెర చూశారు. తర్వాత ఇంగ్లీషులో రెండు ముక్కలు అన్నారు. ఎముకల డాక్టరు ఫోను చేస్తే, ఇంకా తేలలేదని చెప్పి పెట్టేశారు. అమ్మగారి గొట్టంలోనూ కనబడింది కదా మేడమ్, దాన్నే పంపిద్దామా అని నేను అడిగాను. సిగ్గు లేకుండా అడిగాను. ఖాళీగా ఉండాల్సింది ఖాళీగా లేనప్పుడు నిండినదాన్ని నేను నమ్మను అన్నారు. అయినా రెండింటి నకళ్లనూ హైదరాబాదు పంపించారు, దూరినదెవరో తెలుసుకోవడానికి.

శనివారం జవాబు వచ్చింది. నీళ్ల గొట్టంలో ఉన్నది బాసిల్లస్ జాతికి చెందిన ఒక సాధారణ క్రిమి. అమ్మగారి గొట్టంలోనూ అదే ఉంది, కానీ దాని కింద ఇంకో వాక్యం కూడా కలగాపులగంగా ఉంది. ఇద్దరు ఒకేసారి అరిస్తే ఒకరి మాటా తెలియనట్టు, చదవడానికి వీల్లేకుండా ఉంది. మేడమ్ నాకు ఓపికగా చెప్పారు. ఈ బాసిల్లస్ ఎవరికీ పెద్దగా హాని చేసేది కాదు. మట్టిలో, దుమ్ములో, పోపు దినుసుల్లో, ఆడించిన గింజల్లో ఉంటుంది. విత్తనం మాదిరి గట్టి పెంకు కట్టుకుని నూనెలో కూడా ఏళ్ల తరబడి పడుకోగలదు. నూనె అన్న మాట దగ్గర, రాసిన ఆ మూతలను మళ్లీ నా చేత్తోనే తెరిచిన సంగతి గుర్తొచ్చింది. అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. ప్రార్థించిన నూనెలో క్రిమి ఉంటుందని నేను ఎలా అనుకుంటాను?

అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అప్పటికే మేడమ్ దుమ్ము అన్న మాట పట్టుకున్నారు. మా గది ఊడ్చి తుడిచే మాబున్నిని, కారణం తేలేదాకా లోపలికి రావద్దని బయట కూర్చోబెట్టారు. ఆమె పదేళ్లుగా ఆ గదిని అద్దంలా ఉంచిన మనిషి. వరండాలో స్టూలు మీద చీపురు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ఆమె ముందు నుంచి నాలుగుసార్లు నడిచాను. నాలుగుసార్లూ గోడ మీద ఏదో చదువుతున్నట్టు నటించాను. ఫ్రీజర్లో మిగిలింది ఆ సగం ముక్క ఒక్కటే. ఎక్కడి నుంచి దూరిందో తెలియకుండా దాన్ని తెరవనని మేడమ్ అన్నారు. తెరవకుండా బుధవారం వస్తే అమ్మగారి వెన్ను తెరుస్తారు.

మర్నాడు ఆదివారం. సండే స్కూలులో ఏ వారం ఏ పాఠమో ఏడాది మొదట్లోనే అమ్మగారు పట్టిక రాసి గోడకు అతికిస్తారు. ఆ వారం పాఠం, నిషేధించిన సొత్తును గుడారం కింద దాచుకున్న ఒక మనిషి కథ. వాడు దాచినందుకు జనమంతా యుద్ధంలో ఓడిపోతారు. ఎవరి వల్ల ఓడారో తేల్చడానికి గోత్రం గోత్రంగా, ఇల్లు ఇల్లుగా పిలుచుకుంటూ వాడి దాకా వస్తారు. ఆ కథను నేను ఏటా చెబుతాను, పిల్లలు కదలకుండా వింటారు. ఆ రోజు కూడా చెప్పాను. చివర ఒక ఆడపిల్ల, "ఆయప్ప పిలిచేదాకా ఎందుకుండల్ల సార్, ముందే పోయి చెప్పింటే కాదా?" అని అడిగింది.

సోమవారం పొద్దున మేడమ్ వచ్చేసరికి నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. తప్పు నాది మేడమ్ అన్నాను. గొట్టాల మూతలకు నూనె రాశానని చెప్పాను. ఎందుకు రాశావని ఆమె అడగలేదు.

"ఏం నూనె?" అన్నారు.

"చెనిక్కాయ నూనె మేడమ్. గానుగది."

"అట్ల చెప్పు. గురువారం నించి ఈ గదిలో అంగడి వాసన వస్తాండాది. మా నాయన గుర్తొస్తాండాడు, ముసిలితనం వచ్చి ముక్కు పోయిందేమో అనుకుంటి." బల్ల మీద దూది చుట్టిన పుల్ల ఒకటి శనివారం సాయంత్రమే సిద్ధం చేసి ఉంది. దాన్ని చూపించి, "పదకొండు గంటలకు నీ జేబులో పెట్టి తీసి, క్రిమి ఆడిదేనా సూద్దామని పెట్టుకున్న్యా. నువ్వే వస్తివి" అన్నారు. తర్వాత "నీళ్ల గొట్టానికి గూడా పూసినావా?" అని అడిగారు.

"పూసినా మేడమ్. దాన్నొక్కదాన్నే వదిలేస్తే బాగుండదని."

మేడమ్ కుర్చీలో కూలబడ్డారు. ముందు కోపమనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. కళ్లద్దాలు తీసి, చీరకొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వారు. "ఏమీ ఉండగూడని దాంట్లో గూడా పుట్టించినావు గదప్పా. నీ ప్రార్థన గట్టిదే" అన్నారు.

ఆ నవ్వు ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది. ముందు మాబున్నిని పిలుచుకుని రమ్మన్నారు. వరండాలో ఆమె ముందు నిలబడి నేను జరిగింది చెప్పి, క్షమించమన్నాను. ఆమె చీపురును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "నూనె నీది పాస్టర్ సాబ్, కూసునింది నేనా?" అంది. అంతే. లోపలికి వెళ్లి, ఎవరూ చెప్పకుండానే నా బల్లను రెండుసార్లు తుడిచింది. మేడమ్ కూడా ఆమెకు తన తప్పు ఒప్పుకున్నారు. సాక్ష్యం లేకుండా నిన్ను బయట పెడితి, నా నీళ్ల గొట్టం గూడా నిండిపోయిండాది మాబున్నీ అన్నారు. మాబున్నికి అది అర్థమైనట్టు లేదు. నాకు అర్థమైంది.

తర్వాత నాకు శిక్ష చెప్పారు. ల్యాబులోకి నూనె రాకూడదు. ఆ సీసా ఇప్పుడే ఇచ్చేయాలి. ఇచ్చాను. "ప్రార్థన చెయ్యొద్దని నేను చెప్పను. అది నా పని గాదు. మీ దేవుడు చేతులు చూసి వింటాడా?"

"లేదు మేడమ్. హృదయం చూస్తాడు."

"అట్లయితే చేతులు ఎనక్కి కట్టుకోని చెయ్."

గది అంతా కడిగి, అన్ని ద్రావణాలూ కొత్తవి తీసి, మిగతా ముగ్గురి నమూనాలనూ ఆ సగం ముక్కనూ ఆమే స్వయంగా యంత్రంలో పెట్టారు. నన్ను గడప అవతల నిలబెట్టారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నా జీవితంలో అంత నిజంగా ఎప్పుడూ ప్రార్థించలేదు. రెండు గంటల తర్వాత ఆమె తల మాత్రం బయటికి పెట్టి, "నీళ్లు నీళ్లే" అన్నారు. అమ్మగారి గొట్టంలో మాత్రం ఉంది. నకళ్లు ఆ సాయంత్రం బస్సులోనే హైదరాబాదు వెళ్లాయి. బుధవారం పొద్దున పేరు వచ్చింది. బ్రూసెల్లా. మేకల నుంచి, గొర్రెల నుంచి మనుషులకు వచ్చే క్రిమి. మేడమ్ దాన్ని కూడా ఒక్క మాట మీద నమ్మలేదు. అమ్మగారి రక్తం తీయించి ఇంకో పరీక్షతో సరిచూసుకున్నారు. ఆ తర్వాతే ఎముకల డాక్టరుకు ఫోను చేసి, కత్తి లోపల పెట్టుకోండి సార్, ఇది మాత్రలకు పోతుంది అన్నారు.

ఆ మధ్యాహ్నం మేడమ్ నన్ను వెంటబెట్టుకుని అమ్మగారి దగ్గరికి వెళ్లారు. క్రిమి పేరు తేలితే సరిపోదు, ఏ దారిన వచ్చిందో తేలాలి అన్నారు. మంచం పక్కన కూర్చుని, పాలు ఏం తాగుతావు తల్లీ అని అడిగారు. అమ్మగారు చెప్పింది విని నేను తల దించుకున్నాను. శ్రమల దినాల నలభై రోజులూ సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా పొయ్యి ముట్టించకూడదని ఆమె మొక్కుకున్నారు. చీకటి పడ్డాక ఉపవాసం విడిచేటప్పుడు గ్లాసెడు మేకపాలు తాగేవారు, పచ్చివి. ఆ మేక కోత పండుగకు ఒకరు సంఘానికి కానుకగా తెచ్చింది. మామూలుగా అలాంటివాటిని వేలం వేస్తాం. అది చూడముచ్చటగా ఉందని అమ్మగారే ఉంచుకున్నారు.

"ఆ మేక ఈనిందా?" అని అడిగారు మేడమ్.

"రెండుసార్లు ఈసుకపోయిందమ్మా. పిల్లలు నిలబడలే. పాలు మాత్రం ఉన్న్యాయి" అన్నారు అమ్మగారు.

ఈ క్రిమి సోకిన మేకకు కడుపు నిలవదు. మేడమ్ నా వైపు చూశారు. ఆ ఒక్క ముక్క ముందే ఎవరైనా అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని ఆ చూపు. అమ్మగారికి మాత్రం రోగం కంటే ఇంకోటి బాధగా ఉంది. దేవునికి ఇచ్చిన మేక, ప్రార్థన చేసుకునే తాగినాను గదమ్మా అన్నారు. మేడమ్ ఆమె చేయి పట్టుకుని, "చేసుకో తల్లీ. పాలు పొయ్యి మీద కాంచి చేసుకో" అన్నారు.

మూడు నెలల మందులతో అమ్మగారు లేచి నడిచారు. మొదటి ఆదివారం సాక్ష్యం చెప్పడానికి నిలబడి, ప్రభువు నన్ను బతికించాడు, ఆయన ఒక కోమటి బిడ్డ ముక్కును వాడుకున్నాడు అన్నారు. సంఘమంతా ఆమేన్ అంది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం మేడమ్ రక్షణ కోసం మా సంఘంలో ప్రార్థన జరిగేది. ఆ సంగతి నేను సంతోషంగా ఆమెకు చెబితే, మరి నా మాదిరి ఇంకో ముసిల్దాన్ని చూసి, ఆమెకు చెయ్యకుండా ఇడిచిపెట్టినారా అని అడిగారు. లేదు మేడమ్, ఎందుకు అన్నాను. పనిచేస్తాండాదో లేదో తెలియల్ల గదా, నీళ్ల గొట్టం లేకుండా ఎట్ల అన్నారు. ఆ మాటను సంఘంలో చెప్పకుండా నాలోనే ఉంచుకున్నాను.

నూనె సీసాను రెండుసార్లు అడిగాను. మొదటిసారి, యాడికీ పోలేదులే అన్నారు. రెండోసారి, అది పనిలో ఉండాది అన్నారు. తర్వాత నేను అడగడం మానేశాను. ఆ రోజుల్లోనే సాక్షి గొట్టాలు అయిపోతే, మేడమ్ ఒక కొత్త డబ్బా నిండా తయారుచేసి ఫ్రీజర్లో పెట్టారు. ఆమె రిటైరయ్యాక కూడా నేను అందులోవే వాడుతూ వచ్చాను.

మైదుకూరుకు వెళ్లి ఆమెను చివరిసారి చూసి వచ్చిన మరుసటి వారం, ఇప్పటి మేడమ్ ఫ్రీజరు సర్దమన్నారు. చిన్న వయసు, మంచి పనిమంతురాలు. ఆ సాక్షి డబ్బా తీసి, దీని మీద సాక్షి అన్న మాట తప్ప వివరం లేదే, ఇందులో ఉన్నదేమిటి, తెలియకపోతే పారేసి కంపెనీది తెప్పిద్దాం అన్నారు. నాకూ తెలియదు. అన్నేళ్లు ప్రతిరోజూ నా చేత్తో వరుస చివర వేసిన దాని గురించి నేనెప్పుడూ అడగలేదు. పాత మేడమ్ నోటు పుస్తకాలు అలమరలో ఉన్నాయి. అమ్మగారి జబ్బు నాటి పుస్తకం వెతికి తీశాను. ఆ తర్వాతి వారాల పేజీల్లో ఒకచోట, కిరాణా కొట్టు చీటీ మాదిరి వంపు తిరిగిన తెలుగులో నాలుగు ముక్కలు రాసి ఉన్నాయి.

సాక్షి. పాస్టరప్ప సీసాలోది. పెంచి, వాక్యం చదివించి, సరిచూసినాను, హాని లేదు. శానా నమ్మకమైనది, పారేయొద్దు.

చిన్న మేడమ్ నా భుజం మీదుగా చదివి, పాస్టరప్ప ఎవరు అని అడిగారు. ఇది నమ్మదగిందేనా అని కూడా అడిగారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కనబడకుండా పోలేదమ్మా అన్నాను. మొదటి ప్రశ్నకు, నేనేనమ్మా అన్నాను.

అమ్మగారి తర్వాత మా దగ్గరికి వచ్చిన ప్రతి రోగి నమూనా పక్కనా ఆ నూనెలోని ప్రాణి నిలబడుతూ వచ్చింది. దానికి తగిన గొట్టంలో, మూత బిగించి, ఎవరినీ చెరపకుండా. నేను ఆ రోజు బొటనవేలితో చేయబోయింది అదే. నన్ను చేతులు కట్టుకోమన్న మనిషి, నాకు చెప్పకుండా, నా చేతనే చేయించారు. ఆమె ఇప్పుడు ఎక్కడున్నారో తీర్పు చెప్పడం నా పని కాదు. అది హృదయాలు చూసేవాడి పని.

డబ్బాను ఫ్రీజర్లో దాని చోటే పెట్టాం. మర్నాడు పొద్దున రోగుల గొట్టాలు వరుసగా పెట్టి, ఒక చివర సాక్షిని, రెండో చివర నీళ్లను వేసి, యంత్రం మూత మూశాను. తర్వాత గడప అవతలికి వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.